తూము దగ్గర లస్కరు: మైక్రో ఆర్‌ఎన్‌ఏలు

మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే సుమారు 22 న్యూక్లియోటైడ్ల పొడవున్న చిన్న ఆర్‌ఎన్‌ఏ పోగు. దీని నుంచి ప్రోటీన్ తయారు కాదు. మిగతా జన్యువుల నుంచి ప్రోటీన్ మోతాదుకు మించి తయారు కాకుండా చూడటమే దీని పని. మనిషి, ఎలుక, చేప, రొయ్య, ఈగ, వరి మొక్క, అన్నింటిలోనూ ఉంటుంది. బాక్టీరియాలో ఈ ఏర్పాటు లేదు. పిండం ఎదగడం, నెత్తురు కణాలు తయారవడం, గుండె కొట్టుకోవడం, మొక్క పూతకు రావడం లాంటి పనుల్లో దీని చెయ్యి ఉంది. అది తప్పిన చోట క్యాన్సర్, చెవుడు, కిడ్నీ గట్టిపడటం లాంటి జబ్బులు కనిపించాయి.

కృష్ణా డెల్టా పాఠకుడికి దీని స్వభావం చెప్పడానికి కాలువ గట్టు చాలు. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమం అని పిలిచే చోట, పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్లు 2015 నుంచి కృష్ణలో కలుస్తున్నాయి. దిగువన ప్రకాశం బ్యారేజీ, అక్కడి నుంచి పెద్ద కాలువలు, బ్రాంచి కాలువలు, పంట కాలువలు, తూములు, బోదెలు. బ్యారేజీలో నీళ్లెన్ని ఉన్నా చేలో పడేది తూము దగ్గర షట్టరు ఎంత ఎత్తారన్నదాన్ని బట్టే. ఆ షట్టరు ఎత్తి దించేవాడు లస్కరు. జన్యువును బ్యారేజీ అనుకుంటే, దాని సందేశాన్ని మోసుకుపోయే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ కాలువ. మైక్రో ఆర్‌ఎన్‌ఏ లస్కరు. అతను కాలువను పూడ్చేయడు, నాలుగంగుళాలు దించుతాడంతే.

ఈ పోలిక రెండు చోట్ల తప్పుతుంది, ముందే చెప్పడం మంచిది. కణంలో ఒకే లస్కరు వందల తూములు చూస్తాడు, ఒకే తూము మీద పదిమంది లస్కర్లు చేతులు వేస్తారు. రెండోది, జంతువుల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ పట్టుకున్న మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ చాలాసార్లు తోక అరిగి ముక్కలైపోతుంది. అంటే షట్టరుతో పాటు కాలువ కూడా కొంత పోతుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచింది. అజిత్‌సింగ్ నగర్ వైపు జనం రోజుల తరబడి మేడల మీద గడిపారు. ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. ఐదు వారాల తర్వాత, అక్టోబరు 7న, విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు వైద్య నోబెల్ ప్రకటించారు. గండ్లు, రెగ్యులేటర్లు, షట్టర్లు అన్న మాటలు అప్పటికి ఊరందరి నోళ్లలో నానుతూనే ఉన్నాయి. బహుమతి వచ్చింది కూడా ఒక రకంగా రెగ్యులేటర్‌ను కనిపెట్టినందుకే.

పురుగులో దొరికిన పోగు

మట్టిలో బతికే సి. ఎలిగాన్స్ అనే నులిపురుగు పొడవు ఒక మిల్లీమీటరు. పెద్ద పురుగులో లెక్క పెట్టినట్టు 959 శరీర కణాలు ఉంటాయి. ఏ కణం ఎప్పుడు ఏమవుతుందో ముందే రాసిపెట్టి ఉన్నట్టు ఎదుగుతుంది కాబట్టి ఆ క్రమం చెడితే వెంటనే తెలిసిపోతుంది. లిన్-4 అనే జన్యువు చెడిన పురుగు మొదటి దశ పనులనే మళ్లీ మళ్లీ చేసుకుంటూ పోతుంది. లిన్-14 చెడినది ఆ దశను దాటేసి ముందుకు దూకుతుంది. ఆంబ్రోస్, రవ్‌కున్ ఇద్దరూ ఎంఐటీలో రాబర్ట్ హోర్విట్జ్ ప్రయోగశాలలో ఈ పురుగుల మీద పనిచేసి, తర్వాత వేరువేరు ప్రయోగశాలలు పెట్టుకున్నారు.

లిన్-4 నుంచి ఏ ప్రోటీన్ వస్తుందా అని ఆంబ్రోస్ బృందం ఏళ్ల తరబడి వెతికింది. ప్రోటీన్ లేదు. చివరికి దొరికింది 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్క. దాని అక్షరాలు లిన్-14 మెసెంజర్ తోక భాగంలోని ఏడు చోట్లతో జతపడుతున్నాయని రవ్‌కున్ బృందం లెక్కతో తేలింది. 1993 డిసెంబరులో సెల్ పత్రికలో రెండు పత్రాలూ పక్కపక్కన వచ్చాయి. ఆంబ్రోస్ పత్రంలో మొదటి పేరు ఆయన భార్య రోసలిండ్ లీది. అప్పటికే ఆంబ్రోస్ హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కక డార్ట్‌మత్ కళాశాలకు మారారు. నోబెల్ వచ్చిన పని చేతిలో ఉండగానే ఉద్యోగం పోయిన సంగతి విశ్వవిద్యాలయాల నియామక కమిటీలు గుర్తుపెట్టుకోవలసినదే.

ఇంత చేసినా ఏడేళ్ల పాటు దీన్ని పురుగుకు మాత్రమే చెందిన వింతగా చూశారు. 2000లో రవ్‌కున్ ప్రయోగశాలలో లెట్-7 దొరికింది. అదే పోగు ఈగలోనూ చేపలోనూ మనిషిలోనూ ఉందని తేలడంతో కథ మారింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అన్న పేరు 2001లో స్థిరపడింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలను నమోదు చేసే మిర్‌బేస్ జాబితాలో ఇప్పుడు మనిషివే 2,654 ఉన్నాయి. గట్టి కొలమానాలతో జల్లెడ పట్టినవారు మాత్రం ఐదారు వందల జన్యువులనే అసలైనవిగా ఒప్పుకుంటున్నారు. ఈ తేడా చిన్నది కాదు. నమోదైన ప్రతి పేరు మీదా ఎక్కడో ఒక చోట ఏదో ఒక జబ్బుకు ముడిపెడుతూ పత్రం వచ్చి ఉంటుంది మరి.

తయారీ, పనితీరు

కేంద్రకంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువు నుంచి ముందు పొడవాటి ఆర్‌ఎన్‌ఏ వస్తుంది. అది తన మీద తానే మడతపడి తలపిన్ను ఆకారం తీసుకుంటుంది. డ్రోషా అనే ఎంజైము ఆ పిన్నును మొదట్లో కత్తిరిస్తుంది. ఎక్స్‌పోర్టిన్-5 దాన్ని కేంద్రకం బయటికి చేరుస్తుంది. బయట డైసర్ అనే మరో ఎంజైము పిన్ను వంపును కోసేస్తుంది. మిగిలిన జంట పోగుల్లో ఒకటి ఆర్గోనాట్ అనే ప్రోటీన్‌లోకి ఎక్కుతుంది, రెండోది పోతుంది. ఆర్గోనాట్ చేతిలో పోగు ఉన్నప్పుడే లస్కరు డ్యూటీ ఎక్కినట్టు.

పోగు మొదట్లో రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా ఉన్న ఏడక్షరాల భాగాన్ని విత్తు అంటారు. జంతువుల్లో ప్రధానంగా ఈ ఏడక్షరాలు జతపడితే చాలు. ఏడక్షరాల మాట ఎన్ని మెసెంజర్లలో దొరకదు! మనిషి ప్రోటీన్ జన్యువుల్లో 60 శాతానికి పైగా ఏదో ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ అదుపులో ఉన్నట్టు 2009లో లెక్క కట్టారు. అయితే ఆ అదుపు ఎంత? ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏను పెంచి, తగ్గించి, వేల ప్రోటీన్లను ఒకేసారి తూచి చూసిన ప్రయోగాలు 2008లో వచ్చాయి. చాలా ప్రోటీన్లలో తగ్గుదల సగం కూడా లేదు. ఈ వ్యాసంలో ముందు రాబోయే మందుల కథ అర్థం కావాలంటే ఈ ఒక్క ఫలితాన్ని మనసులో పెట్టుకోవాలి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ కొంచెం కొంచెం చొప్పున చాలా చోట్ల తగ్గిస్తుంది. దాని బలమూ అక్కడే, దాన్ని మందుగా మలచడంలో చిక్కూ అక్కడే.

మొక్కల్లో వ్యవహారం వేరు. అక్కడ పోగు దాదాపు మొత్తం పొడవునా జతపడుతుంది, మెసెంజర్‌ను నడుమకు నరుకుతుంది. లక్ష్యాలు తక్కువ, దెబ్బ గట్టిది.

వరి చేలో

తెలుగు నేల నుంచి ఈ రంగంలోకి వెళ్లినవారిలో ముందుగా చెప్పవలసిన పేరు సుంకర రామాంజులు. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో మల్బరీ మొక్క నీటి కొరతను ఎలా తట్టుకుంటుందో చదివారు. కరువు మీద పరిశోధనకు అనంతపురం కన్నా తగిన ఊరు ఏముంటుంది? తర్వాత జర్మనీలోని బాన్‌లో, అమెరికాలో జియాన్-కాంగ్ ఝు ప్రయోగశాలలో పనిచేసి, ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. నీటి కొరత, ఉప్పు, చలి తగిలినప్పుడు మొక్కలో మైక్రో ఆర్‌ఎన్‌ఏల మోతాదు మారుతుందని 2004లో ఝుతో కలిసి ప్లాంట్ సెల్ పత్రికలో చూపించారు. మరుసటి ఏడాది వరి నుంచే మైక్రో ఆర్‌ఎన్‌ఏలను వెలికితీసిన పత్రంలోనూ మొదటి పేరు ఆయనదే.

2006లో మిర్-398 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ మీద వచ్చిన పని ఇంకా సొగసైనది. ఎండ ఎక్కువైనా, రాగి లాంటి లోహాలు పెరిగినా కణంలో విషపు ఆక్సిజన్ రూపాలు పుడతాయి. వాటిని అణచడానికి మొక్క దగ్గర సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము ఉంది. మామూలు రోజుల్లో మిర్-398 ఆ ఎంజైము తయారీని అణచి ఉంచుతుంది. ఇబ్బంది రాగానే మిర్-398 తగ్గిపోతుంది, ఎంజైము పెరుగుతుంది. అంటే ఆపద వచ్చినప్పుడు మొక్క కొత్తగా దేనికీ ఆజ్ఞ ఇవ్వడం లేదు, లస్కరును ఇంటికి పంపేస్తోంది. మిర్-398 అతుక్కోలేని విధంగా ఆ జన్యువును మార్చిన మొక్కలు గట్టి వెలుతురునూ లోహాలనూ మెరుగ్గా తట్టుకున్నాయి.

డెల్టా రైతుకు దగ్గరి సంగతి మిర్-156. వరి దుబ్బులో పిలకలు ఎక్కువగా ఉంటే పంట ఎక్కువని కాదు. కంకి వేయని పిలక గడ్డికే పోతుంది. చైనా, జపాన్ బృందాలు 2010లో వేరువేరుగా ఒకే జన్యువు దగ్గరికి చేరాయి. దాని పేరు ఓఎస్-ఎస్‌పీఎల్-14. మిర్-156 దీని మెసెంజర్‌ను నరుకుతుంది. కొన్ని వరి రకాల్లో సహజంగానే ఆ అతికే చోట ఒకే ఒక్క అక్షరం మారింది. అక్షరం మారితే మిర్-156 పట్టు సడలుతుంది, ఆ ప్రోటీన్ పెరుగుతుంది. ఫలితంగా పిలకలు తగ్గుతాయి, కాండం లావెక్కుతుంది, కంకికి గింజలు పెరుగుతాయి. ఉన్న పిలకలన్నీ కంకి వేస్తాయి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే మన బీపీటీ 5204, తిండికి ఎంత పేరుపడ్డా కోతకు ముందు గాలివాన వస్తే నేలకు ఒరిగిపోతుందన్న అపకీర్తి మోస్తూనే ఉంది. లావు కాండం అన్న మాట ఇక్కడ ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థలో సత్యేంద్ర మంగ్రౌథియా, బోగిరెడ్డి శైలజ, నీలంరాజు సరళ తదితరులు వేడి తగిలిన వరిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కొలిచారు. వేడి తగిలిన కాసేపటికి, ఎక్కువసేపు తగిలాక, ఆ తర్వాత మొక్క తేరుకునేటప్పుడు, ఇలా మూడు దశల్లో చూసిన ఆ పని 2017లో జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ బోటనీలో వచ్చింది. దాళ్వా ఆలస్యమై పూత ఎండల్లో పడితే తాలు గింజలు ఎందుకు పెరుగుతాయో తెలిసిన రైతుకు ఈ మూడో దశ ముఖ్యమని చెప్పకనే తెలుస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో శనగకు వచ్చే ఆస్కోకైటా ఎండు తెగులు మీద ఇదే పద్ధతిలో పనిచేశారు.

రొయ్యల చెరువులో

కైకలూరు, భీమవరం వైపు రొయ్యల రైతుకు పీసీఆర్ అన్న మాట కరోనాకు ముందే తెలుసు. హేచరీ నుంచి సీడ్ తెచ్చే ముందు వైట్ స్పాట్ పరీక్ష చేయించాలి కదా. 1990ల మధ్యలో తొలిసారి చెరువులను తుడిచిపెట్టిన ఈ వైరస్‌కూ రొయ్యకూ మధ్య పోరు మైక్రో ఆర్‌ఎన్‌ఏల స్థాయిలోనూ నడుస్తోంది. చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం బృందం 2012లో ఒక సంగతి చూపించింది. రొయ్యలోని మిర్-7 వైట్ స్పాట్ వైరస్ తొలిదశ జన్యువొకదాన్ని పట్టుకుని వైరస్ పెరుగుదలను తగ్గిస్తుంది. రెండేళ్ల తర్వాత అదే బృందం ఎదురు ఎత్తును చూపించింది. వైరస్ కూడా తన సొంత మైక్రో ఆర్‌ఎన్‌ఏను తయారుచేసుకుని రొయ్యలోని కాస్పేజ్-8ను అణచేస్తుంది. సోకిన కణం తానే చచ్చి వైరస్‌ను ఆపే దారి అలా మూసుకుపోతుంది. ఈ ప్రయోగాలు కురుమా రొయ్య మీద చేసినవి, మన చెరువుల్లోని వెన్నామీ మీద కాదు. ఇవి చెరువు గట్టు మీదికి మందుగా రాలేదు. వైరస్ ఎందుకంత వేగంగా ఊడ్చేస్తుందో అర్థం చేసుకోవడానికి పనికొచ్చాయి.

అన్నంలోంచి నెత్తురులోకి?

2012లో సెల్ రీసెర్చ్ పత్రికలో వచ్చిన ఒక పత్రం అన్నం తినే దేశాలన్నింటినీ ఉలిక్కిపడేలా చేసింది. నాన్‌జింగ్‌కు చెందిన చెన్-యు ఝాంగ్ బృందం చైనీయుల నెత్తురులో వరికి చెందిన మిర్-168ఎ కనిపించిందని రాసింది. అంతటితో ఆగలేదు. అది కాలేయంలోకి చేరి, నెత్తురులోంచి చెడు కొలెస్ట్రాల్‌ను తీసేయడంలో సాయపడే ఒక ప్రోటీన్‌ను తగ్గిస్తోందని ఎలుకల్లో చూపించామంది. తిన్న అన్నమే మన జన్యువుల మీద పెత్తనం చేస్తుందన్న మాట! జన్యుమార్పిడి పంటల వ్యతిరేకులు, ఆరోగ్య చిట్కాల ప్రచారకులు, ఇద్దరూ దీన్ని ఎత్తుకున్నారు.

2013లో జవాబులు వచ్చాయి. ఎలుకలకు వరి పెట్టి చూసిన మరో బృందానికి నెత్తురులోనూ కాలేయంలోనూ మొక్కల మైక్రో ఆర్‌ఎన్‌ఏ పట్టుమని దొరకలేదు. కొలెస్ట్రాల్ పెరుగుదలకు ఆ మేతలో పోషకాల తేడాయే చాలునని వాళ్లు చెప్పారు. మిగతా బృందాలు వెతికినప్పుడు కనిపించిన మోతాదు ఒక కణానికి ఒక కాపీ కన్నా ఎంతో తక్కువ. జన్యువును అదుపు చేయాలంటే కణంలో వందల, వేల కాపీలు కావాలి. కొన్ని చోట్ల ప్రయోగశాలలో మొక్కల ఆర్‌ఎన్‌ఏ నమూనాలోకి చేరి కల్తీ అయిన ఆనవాళ్లూ దొరికాయి. వివాదం పూర్తిగా సద్దుమణగలేదు గానీ బరువు ఎటువైపుందో స్పష్టమే. మూడుపూటలా సాంబ మసూరి తినేవారికి కొలెస్ట్రాల్ పెరిగితే దోషం మిర్-168ఎది కాదు, పళ్లెంలో పడుతున్న అన్నం పరిమాణానిదీ పక్కనున్న నూనెదీ.

క్యాన్సర్, కాలేయం, మందులు

మైక్రో ఆర్‌ఎన్‌ఏకూ క్యాన్సర్‌కూ తొలి ముడి 2002లో పడింది. పెద్దవయసులో వచ్చే సీఎల్‌ఎల్ అనే నెత్తురు క్యాన్సర్‌లో సగానికి పైగా రోగుల్లో 13వ క్రోమోజోము మీద ఒక ముక్క ఊడిపోయి ఉంటుంది. అక్కడ ప్రోటీన్ జన్యువు ఏదా అని ఏళ్లు వెతికారు. కార్లో క్రోచే, జార్జ్ కాలిన్ బృందం మిర్-15ఎ, మిర్-16-1 అక్కడున్నాయని తేల్చింది. అవి మామూలుగా బీసీఎల్-2 అనే ప్రోటీన్‌ను అదుపులో పెడతాయి. బీసీఎల్-2 కణాన్ని చావనివ్వదు. 2016లో అనుమతి పొందిన వెనెటోక్లాక్స్ మాత్ర ఈ బీసీఎల్-2నే పట్టుకుంటుంది. ఆ మాత్ర పుట్టుక వేరే దారిదే అయినా, పోయిన లస్కరు పనిని మాత్ర చేస్తున్నట్టే ఉంటుంది.

పుట్టుకతో వచ్చే లోపాలు అరుదు, కానీ సాక్ష్యంగా వాటికి తిరుగులేదు. డైసర్ జన్యువులో లోపం ఉన్న కుటుంబాల్లో పసిపిల్లలకు ఊపిరితిత్తుల్లో ఒక ప్రత్యేకమైన గడ్డ వస్తుందని 2009లో తేలింది. అదే ఏడాది మిర్-96 విత్తు భాగంలో ఒక్క అక్షరం తప్పితే వినికిడి క్షీణించే జబ్బు తరతరాలుగా వస్తుందని కనుగొన్నారు.

పోయిన మైక్రో ఆర్‌ఎన్‌ఏను తిరిగి ఇస్తే? 2009లో సెల్ పత్రికలో ఒక పత్రం వచ్చింది. దాని మీద మొదటి రెండు పేర్లు జానయ్య కోట, రఘు చివుకుల. తెలుగువారికి ఈ పేర్లు పోల్చుకోవడం కష్టం కాదు. జాషువా మెండెల్ బృందంతో కలిసి వారు కాలేయ క్యాన్సర్ ఉన్న ఎలుకలకు మిర్-26ఎను హానిలేని వైరస్‌లో పెట్టి ఎక్కించారు. గడ్డలు పెరగడం గట్టిగా తగ్గింది, పక్కనున్న మంచి కణాలు చెడలేదు. కాలేయంలో మామూలుగా మిర్-26ఎ ఎలాగూ ఎక్కువే ఉంటుంది, కాబట్టి మంచి కణానికి ఇంకాస్త ఇచ్చినా లెక్క లేదు. గడ్డలో మాత్రం అది కరువు. ఈ ఆలోచన ఈ రంగంలో నాకు అన్నింటికన్నా నచ్చినది.

ఎలుకల్లో తేలినంత తేలిగ్గా మనుషుల్లో తేలలేదు. మిర్-34ఎను కొవ్వు బుడగల్లో పెట్టి ఇచ్చిన ఎంఆర్‌ఎక్స్-34 పరీక్ష 2013లో మొదలై 2016లో ఆగిపోయింది. రోగనిరోధక వ్యవస్థ విపరీతంగా స్పందించింది, నలుగురు రోగులు మరణించారు.

హెపటైటిస్-సి కథ ఇంకోలా ముగిసింది. ఆ వైరస్ కాలేయంలోని మిర్-122 లేకుండా పెరగలేదని 2005లో తేలింది. ఇక్కడ లస్కరు శత్రువు పక్షాన ఉన్నాడు! మిర్-122ను బంధించే మిరావిర్సెన్ ఇంజెక్షన్‌ను 36 మంది రోగులకిచ్చిన ఫలితాలు 2013లో వచ్చాయి. మోతాదు పెంచేకొద్దీ వైరస్ తగ్గింది. మందు పనిచేసింది. అదే ఏడాది చివర సోఫోస్బువిర్ మాత్ర అమెరికాలో అనుమతి పొందింది. కొన్ని వారాల మాత్రలతో జబ్బు నయమైపోతుంటే ఇంజెక్షన్ ఎవరికి కావాలి? హైదరాబాద్‌కు చెందిన నాట్కో 2015లో ఆ మాత్రను తక్కువ ధరకు మన దేశంలో తెచ్చింది. మిరావిర్సెన్ అక్కడితో వెనకబడింది.

2018 నుంచి పాటిసిరాన్, ఇంక్లిసిరాన్ లాంటి చిన్న ఆర్‌ఎన్‌ఏ మందులు వచ్చాయి కదా అని అడుగుతారు. అవి మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కావు, వాటికి దగ్గరి చుట్టాలు. ఒక్కో మందు ఒక్క మెసెంజర్‌నే గురిపెట్టి కోస్తుంది. వందల తూములను ముట్టని లస్కరు కాబట్టే ఔషధ నియంత్రణ సంస్థలను ఒప్పించడం వాటికి తేలికైంది.

కిడ్నీ

ఉద్దానం తర్వాత మన రాష్ట్రంలో కిడ్నీ జబ్బుకు పేరుపడిన చోటు ఎన్టీఆర్ జిల్లాలోనే ఉంది. అవి ఎ.కొండూరు మండలంలోని తండాలు. ఇబ్రహీంపట్నం ఆ జిల్లాదే. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా కిడ్నీలు మెల్లగా గట్టిపడి చెడిపోవడం ఈ జబ్బు లక్షణం. రోగి ఆసుపత్రికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. కారణం పరీక్షలోనే ఉంది. నెత్తురులో క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీ పనితనం దాదాపు సగం పోయి ఉంటుంది.

గట్టిపడటంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏల పాత్ర బాగా తెలిసినదే. మిర్-29 కుటుంబం కొల్లాజెన్ తయారీని అణచి ఉంచుతుంది, అది తగ్గితే నార పేరుకుంటుంది. మిర్-21 పెరిగితే గట్టిపడటం ముందుకు సాగుతుంది. ఇవి మూత్రంలోనూ దొరుకుతాయి కాబట్టి క్రియాటినిన్ కన్నా ముందే పసిగట్టవచ్చన్న ఆశ ఉంది. మందుగా మాత్రం మిర్-21ను బంధించే లాడెమిర్సెన్‌ను ఆల్‌పోర్ట్ అనే వారసత్వ కిడ్నీ జబ్బులో పరీక్షించి, మేలు కనిపించడం లేదని 2022లో ఆపేశారు. నీటితిత్తులతో నిండే వారసత్వ కిడ్నీ జబ్బులో మిర్-17ను బంధించే ఫారాబుర్సెన్ ఇంకా రేసులో ఉంది. దాన్ని తయారుచేసిన రెగ్యులస్ కంపెనీని 2025లో నోవార్టిస్ కొనేసింది. తండాల్లోని కిడ్నీ జబ్బు ఈ రెండింటికీ వేరు. అక్కడ ముందు కావలసినది మంచినీళ్లు, వేళకు క్రియాటినిన్ పరీక్ష, అందుబాటులో డయాలసిస్.

నెత్తురు గొట్టంలో

2008లో మునీష్ తివారీ బృందం నెత్తురు ద్రవంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు చెడకుండా నిలుస్తాయని, ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్లో మిర్-141 ఎక్కువగా ఉందని చూపించింది. ఆ తర్వాత ప్రతి జబ్బుకూ ఒక నెత్తురు గుర్తు వెతకడం మొదలైంది. టెక్సస్‌లోని లబ్బక్‌లో పి. హేమచంద్రారెడ్డి బృందం అల్జైమర్స్ రోగుల్లో మిర్-455-3పి పెరిగి ఉందని 2017లో రాసింది. థైరాయిడ్ గడ్డ మంచిదో చెడ్డదో సూది నమూనాతో తేలనప్పుడు మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కొలిచే పరీక్ష అమెరికాలో వాడుకలో ఉంది. ఇంతమాత్రాన ఊళ్లో లాబ్ ఏదైనా మైక్రో ఆర్‌ఎన్‌ఏ ప్యాకేజీ అని వేలు గుంజితే ఇవ్వనక్కర్లేదు. రోజువారీ వైద్యంలో దానితో నిర్ణయం తీసుకునే జబ్బులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఒకే జబ్బుకు రెండు బృందాలు రెండు వేరు జాబితాలు ఎందుకిస్తాయో తెలుసుకోవాలంటే నమూనా ప్రయాణం చూడాలి. ఎర్ర రక్తకణంలో మిర్-451, మిర్-16 కిక్కిరిసి ఉంటాయి. సూది గుచ్చేటప్పుడు గట్టిగా లాగినా, గొట్టాన్ని బాగా కుదిపినా, గంటల తరబడి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పకుండా ఉంచినా ఎర్రకణాలు పగిలి ద్రవం గులాబీ రంగుకు తిరుగుతుంది. అప్పుడు యంత్రం కొలిచేది రోగాన్ని కాదు, పగిలిన కణాలను. రోహిణి కార్తె ఎండలో తండా నుంచి మోటారు సైకిల్ మీద విజయవాడ చేరిన గొట్టం గురించి పత్రాల్లో రాసే పద్ధతుల విభాగం మాట్లాడదు. డెల్టాలో ఇలాంటి పరిశోధన చేయాలనుకునేవారు కొనవలసిన మొదటి పరికరం సీక్వెన్సర్ కాదు, పీహెచ్‌సీలో పెట్టే సెంట్రిఫ్యూజ్, ఐస్‌పెట్టె.

దుమ్ముకూ మైక్రో ఆర్‌ఎన్‌ఏకూ సంబంధం మీదా పనులున్నాయి. ఇటలీలో బ్రెస్సియా దగ్గర ఉక్కు కర్మాగారంలో 63 మంది కార్మికుల నెత్తురును వారం మొదటి రోజున, మూడు రోజుల పని తర్వాత తీసి చూశారు. తెల్లకణాల్లో మిర్-222, మిర్-21 పెరిగాయి. ఈ పని 2010లో వచ్చింది. అది జబ్బు వచ్చిందని చెప్పదు, ఒళ్లు దుమ్మును గుర్తించిందని మాత్రమే చెబుతుంది. రోజూ నార్ల తాతారావు థర్మల్ కేంద్రం పొగగొట్టాలను చూస్తూ రింగు సెంటరు దాటే ఇబ్రహీంపట్నం మనిషికి ఈ కొలత ఆసక్తి కలిగిస్తుంది. పనికి వెళ్లే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అదే మనిషిని కొలవడం ఈ పద్ధతిలో తెలివైన ముక్క. మనిషికీ మనిషికీ ఉండే తేడాల గోల అక్కడ ఉండదు.

విత్తనం దాకా

2025 మేలో కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. రెండూ తెలుగువారి రకాల మీద చేసినవే. ఒకటి సాంబ మసూరి నుంచి రాజేంద్రనగర్‌లో చేసిన కమల, అంటే డీఆర్‌ఆర్ ధన్ 100. రెండోది మారుటేరు ఎంటీయూ 1010 నుంచి ఢిల్లీలో చేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1. కమలలో సవరించినది సైటోకైనిన్ అనే హార్మోనును విరగ్గొట్టే ఎంజైము జన్యువు. అది తగ్గితే కంకికి గింజలు పెరుగుతాయి. ఎంటీయూ 1010లో సవరించినది కరువు, ఉప్పులను తట్టుకునే శక్తిని అణచి ఉంచే జన్యువు. రెండింటిలోనూ కత్తెర పడింది ప్రోటీన్ జన్యువు మీదే. మిర్-156 అతికే చోట అక్షరం మారిన లావు కాండపు వరి చైనా చేలల్లోకి వెళ్లింది. కృష్ణా కాలువల కింద సార్వా నారుమళ్లలో ఇప్పటికీ పడుతున్నది ఆ అక్షరం మారని విత్తనమే.